జమేదారు వంశం, తొలి బిందె

ముప్పై మూడేళ్లకే రిటైరైన మనిషి అనుభవాలు రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. మా ఆయన ఇప్పటికే నవ్వారు. ఎనిమిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని, పాప పుట్టాక ఆ కుర్చీని వదిలేసి వచ్చినదాన్ని ఇంకేమనాలో నాకు తెలియదు. పెన్షన్ లేదు, ఎవరూ శాలువా కప్పలేదు. మొన్న పురుషోత్తం సార్ ఫోన్ చేసి, ఆఫీసులో కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరారనీ, వాళ్లకు పని నేర్పే ఓపిక తనకు లేదనీ, నాకు తెలిసింది నాలుగు కాగితాల మీద రాసి పంపమనీ అడిగారు. పాప పడుకున్నాక రాస్తున్నాను. మధ్యమధ్యలో లేచి అది సరిగ్గా ఊపిరి తీస్తోందో లేదో చూసి వస్తుంటాను కాబట్టి, ఎక్కడైనా మాట తెగినట్టుంటే కారణం అదే.

మన పని ఏమిటో చెప్పడం మొదటినుంచీ కష్టమే. పెళ్లిచూపుల్లో మా అమ్మ "కంప్యూటర్ పని" అని తేల్చేసింది. ఉన్నమాట చెప్పాలంటే, మనం పాత కాగితాలు చదివి, ఊళ్లు తిరిగి, ముసలివాళ్లను అడిగి, ఒక కుటుంబం ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరికి ఎవరు పుట్టారో తేల్చి చెట్టులా గీసి ఇస్తాం. ఇందులో ప్రమోషన్లు లేవు కాబట్టి వాటి గురించి రాయను. దరఖాస్తులు నింపడం సార్ నేర్పుతారు. మీరు ఎక్కడ తప్పు చేస్తారో మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే అవన్నీ నేను చేశాను.

జనం ఏం కావాలని వస్తారు

ఆఫీసు ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో, పురుగుమందుల దుకాణం పైన ఉందన్న సంగతి ఈపాటికి మీ ముక్కుకు తెలిసే ఉంటుంది. మిర్చి బస్తాలు దిగే రోజుల్లో మెట్లెక్కి వచ్చే ప్రతి మనిషీ తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ వస్తాడు. నేను చేరిన మొదటి వారం అలా వచ్చిన ఒక పెద్దమనిషిని చూసి ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ధైర్యంగా ఉండాలండీ అని ఓదార్చాను. ఆయన ఇంకోసారి తుమ్మి, మనవరాలి పెళ్లికార్డు మీద వేయడానికి నాలుగు తరాల పేర్లు కావాలన్నాడు.

వచ్చేవాళ్లందరికీ ముత్తాత కావాలి. అయితే ఏదో ఒక ముత్తాత చాలడు. గుర్రమెక్కినవాడు కావాలి, లేదంటే కోట కట్టించినవాడు, అదీ కాకపోతే పులిని చంపినవాడు. మా ముత్తాత తాళ్లు పేనేవాడేమో చూడండి అని ఎనిమిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. మనకు దొరికేది మాత్రం ఎక్కువగా తాళ్లు పేనేవాళ్లే. ఆ సంగతి చెప్పడానికి ఒక పద్ధతుంది. ముందు టీ తెప్పించండి. సగం తాగాక చెప్పండి. చేతిలో వేడి గ్లాసున్న మనిషి చప్పున లేచి నిలబడడు.

నా మొదటి తప్పు ఒక పెళ్లిలో జరిగింది. ఒకాయన తాతగారికి ముగ్గురు భార్యలని కాగితాల్లో తేలింది. నేను ముగ్గురి పేర్లూ వరుసగా, అందంగా వేసి ఇచ్చాను. మంటపం పక్కన పెట్టిన ఫ్లెక్సీలో ఆ ఇంటి పిల్లలు తమ మూడో తాతమ్మను మొదటిసారి చూశారు. భోజనాల దగ్గర మూడో తాతమ్మ మనవళ్లు కూడా బయటపడ్డారు. వాళ్లు క్యాటరింగ్ తరఫున వచ్చారని ఇంటివాళ్లు అప్పటిదాకా అనుకున్నారట. అప్పటినుంచి ఏ చెట్టు గీసినా, దీన్ని ఎవరెవరు చదువుతారు అని ముందే అడిగేదాన్ని. మీరూ అడగండి.

పురుషోత్తం సార్ గురించి నిజం

సార్ భూమి రికార్డుల ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి వచ్చినవారు. ఉర్దూలో రాసిన పాత కాగితాలను దినపత్రికలా చదువుతారు. పోయినవాళ్ల విషయంలో ఆయన జ్ఞాపకశక్తి అమోఘం. ఉన్నవాళ్ల విషయంలో అంత కాదు. నన్ను రెండేళ్లపాటు నాకంటే ముందు పనిచేసిన అమ్మాయి పేరుతో పిలిచారు. నేనూ పలికేదాన్ని.

ఆయన దగ్గర ఒక నియమం ఉంది. ఒక టేబుల్ మీది కేసు సంగతి ఇంకో టేబుల్‌కు తెలియకూడదు. కుటుంబాల గుట్టు గుట్టుగా ఉండాలని ఆయన ఉద్దేశం. మంచి నియమమే. కానీ మా ఆఫీసులో ఉన్నవి రెండే టేబుళ్లు. ఒకటి ఆయనది, ఒకటి నాది. మధ్యలో ఆయన ఒక బీరువా అడ్డం పెట్టించారు. ఆ బీరువా వల్ల ఏం జరిగిందో చెబితే, ఈ పని గురించి నాకు తెలిసిందంతా చెప్పినట్టే.

భూమయ్యగారు పులి కావాలన్నారు

అప్పటికి నాకు ఏడో నెల. ఎక్కడికి వెళ్లినా స్కానింగ్ రిపోర్టుల ఫైలు సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. అలాంటి రోజుల్లో మరిపెడ అవతల జమేదారుగూడెం నుంచి జమేదారు భూమయ్యగారు వచ్చారు. ఆరుపదులు దాటిన రైతు. మెడలో తెల్ల కండువా. మంచినీళ్లు తాగాక విషయం చెప్పారు.

వాళ్ల మూలపురుషుడు జమేదారు లింగయ్య. నిజాం కాలంలో ఆ అడవి దారిలో దొంగలను ఆపడానికి పెట్టిన సాయుధ దళానికి ఆయన నాయకుడు. జమేదారు అంటే ఆ హోదాయే. కొలువు అయ్యాక అక్కడే అడవి కొట్టి, నాలుగిళ్లు వేసి, ఊరు కట్టాడు. ఊరికి పేరు ఆయన హోదానుంచే వచ్చింది, వంశానికి ఇంటిపేరూ అదే. ఇప్పుడు ఊళ్లో మూడు వారాల్లో బొడ్రాయి పండుగ ఉంది. బొడ్రాయి అంటే మీకు తెలిసిందే, ఊరి నడుమ పాతిన రాయి. ఊరికి బొడ్డు లాంటిది. పాతది అరిగిపోతే కొత్తది ప్రతిష్ఠించి నీళ్లు పోస్తారు. ఆ ఊరి ఆచారం ప్రకారం తొలి బిందె పోయాల్సింది జమేదారు వంశంలో పెద్దింటివాళ్లు.

చిక్కంతా అక్కడే. వంశంలో రెండు పాయలు మిగిలాయి. ఒకటి భూమయ్యగారిది, ఇంకోటి వరసకు సోదరుడైన ఐలయ్యది. మా ముత్తాతే పెద్దవాడని ఆయన, కాదు మా ముత్తాతే అని ఈయన. తొమ్మిదేళ్ల కింద ఒక పెళ్లిలో మొదటి తాంబూలం ఐలయ్య చేతికి వెళ్లింది. ఆనాటినుంచి ఎదురెదురు ఇళ్లలో ఉండి మాటల్లేవు. వయసు చూసి తేలుద్దామంటే ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు.

"బొడ్రాయి మల్ల ఎన్నటికో మేడం. నా బతుకుల ఇదే ఆఖరిది," అన్నారు భూమయ్యగారు. "అప్పట్ల వయసుల పెద్దోడని మా నాయిన పోసిండు తొలి బిందె. నేను పొయ్యకపోతే ఆయనకు మొకమెట్ల సూపెడుదు?"

ఆ మాట దగ్గర ఆయన కళ్లు తుడుచుకున్నారు. అప్పటికి మిర్చి సీజన్ అయిపోయింది.

జమేదారు లింగయ్య కాగితం దొరికింది. నేను కేసు వివరాలు చెప్పకుండా, ఇదొక్కటి చదివి పెట్టమని బీరువా మీదుగా అందిస్తే, సార్ ఎవరిదని అడగకుండా చదివిపెట్టారు. అది జమేదారు పైవాళ్లకు రాసుకున్న అర్జీ. ఒకటి కాదు, మూడు. మూడింటిలోనూ ఒకటే మాట. ముళ్లడవిలో తిరగలేకపోతున్నాం, నా మనుషులకు చెప్పులు పంపించండి.

"చెప్పులా?" అన్నారు భూమయ్యగారు.

"చెప్పులేనండి. మూడుసార్లు రాశారు."

"పులి ముచ్చట లేదా?"

"లేదండి."

"అడివి అంటాండ్రు. అడివిల పులి ఉండదా?"

"ఉండే ఉంటుంది. ఆయన దాని గురించి రాయలేదు."

"ఉన్నదన్నరు గద. మరి ఎయ్యుండ్రి."

నేను వేయలేదు. కానీ ఫ్లెక్సీ కొట్టేవాడితో మాట్లాడి గుర్రం వేయించుకుంటానన్నప్పుడు అడ్డం చెప్పలేదు. దాన్నీ నా తప్పుల్లోనే రాసుకోండి.

నేను అడగని ప్రశ్న

పెద్దపాయ ఏదో చెప్పగల మనిషి ఒక్కతే మిగిలిందన్నారు. పేరు సత్తెమ్మ. ఎనభై దాటాయి. కొడుకులు లేక ఆగిపోయిన మూడో పాయ ఆడబిడ్డ, ఈ ఇద్దరికీ వరసకు మేనత్త. మరిపెడలో రోడ్డు పక్కన ఆమె కూతురికి టీ హోటల్ ఉంది. ముందు వేసిన మంచం మీద కూర్చుని, వచ్చేపోయే బస్సులను పరిశీలిస్తూ ఉంటుంది. నేను బస్సు దిగి వెళ్లగానే నా కడుపు చూసింది, తర్వాత నా చేతిలోని డబ్బా చూసింది.

"అండ్ల ఏమున్నది బిడ్డా?"

పులిహోర. డాక్టరమ్మ రెండు గంటలకోసారి తినమంది కాబట్టి పెట్టుకున్నది. సత్తెమ్మ దాన్ని తీరిగ్గా, ఆఖరి పల్లీ దాకా తిని, మూతి తుడుచుకుని, "భూమయ్య ముత్తాతనే పెద్దోడు. అండ్ల అనుమానమేంది," అంది.

రాసుకున్నాను. బస్సు హారన్ కొడుతోంది. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఇంకో ప్రశ్న మిగిలింది, కానీ వచ్చేశాను.

ఆ ప్రశ్న నేను చేరిన మొదటి నెలలోనే సార్ నేర్పినది. కాగితం అబద్ధం ఆడుతుంది, మనిషి ఇంకా బాగా ఆడతాడు. అందుకే ఏ ఇంటికి వెళ్లినా, మీరు ఎవరి చావుకు మైల పడతారు అని అడగాలి. మైల పట్టేది పాలోళ్లకే, అంటే ఒకే మగవంశంలో చీలిన దాయాదులకే. సార్ మాటల్లో చెప్పాలంటే, "ఏం కానోని కోసం పదకొండొద్దులు కూర మాని కూసునేటోడు ఈ భూమ్మీద లేడు." పుస్తకాల్లో లేని చుట్టరికాలు ఆ ఒక్క ప్రశ్నతో బయటపడతాయి. నేను దాన్ని వాచిన పాదాల వల్ల వదిలేశాను.

రెండు ఫ్లెక్సీలు

పండుగ రోజు వంశావళిని మైకులో చదవడానికి రమ్మన్నారు. మా ఆయన వద్దన్నారు. అత్తయ్య వద్దన్నారు. భూమయ్యగారు కారు పంపిస్తానన్నారు, మధ్యాహ్నానికల్లా ఇంట్లో దింపుతానన్నారు. రిపోర్టుల ఫైలు, మాత్రలు, మార్చుకోవడానికి చీర, దగ్గర్లోని దవాఖానల ఫోన్ నంబర్ల కాగితం సర్దుకుని, తెల్లవారకముందే బయలుదేరాను.

ఊళ్లో దిగేసరికి వెలుగు వస్తోంది. నడివీధిలో ఒకవైపు మా ఫ్లెక్సీ. మీసాలు తిప్పిన మనిషి తెల్లగుర్రం మీద, కింద చెట్టు, పెద్దకొమ్మ మీద భూమయ్యగారి ముత్తాత. దానికి ఎదురుగా ఇంకో ఫ్లెక్సీ. అవే మీసాలు, అదే గుర్రం. కింద అదే చెట్టు, పెద్దకొమ్మ మీద ఐలయ్య ముత్తాత. దాని కింద ఇస్త్రీ చొక్కాతో, చేతిలో కాగితాలతో పురుషోత్తం సార్.

మేం ఒకరినొకరం కాసేపు చూసుకున్నాం.

"నువ్వేంది ఈడ?" అన్నారు సార్.

"మీరేంటి సార్ ఇక్కడ?"

ఐలయ్య ఆఫీసుకు వచ్చిన రోజు నేను చెకప్‌కు వెళ్లాను. ఆయన కేసు సార్ టేబుల్ మీదకు, భూమయ్యగారి కేసు నా టేబుల్ మీదకు వెళ్లాయి. మధ్యలో బీరువా. సార్ కూడా మరిపెడ వెళ్లి, మిరపకాయ బజ్జీలు పెట్టి, సత్తెమ్మను అడిగారు. ఐలయ్య ముత్తాతనే పెద్దోడు, అండ్ల అనుమానమేంది అందట.

మరి నేను ఇచ్చిన అర్జీ చదివినప్పుడైనా గుర్తుకు రాలేదా అని అడిగాను. "వచ్చింది. మంచిగ నాక్కూడ పనికొచ్చిందనుకున్న," అన్నారు.

నేను ఆ క్షణమే కారెక్కి వెళ్లిపోవాలనుకున్నాను. అప్పుడే డప్పులు మోగాయి. ఊరి పొలిమేరలు కట్టేశారు.

కట్టేసిన ఊరు

ఇది తెలియనివాళ్లకు చెబుతాను. బొడ్రాయి ప్రతిష్ఠ రోజు పొలిమేర చుట్టూ కట్టడి చేస్తారు. ఆ తర్వాత బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. సాయంత్రం రాయికి నీళ్లు పోసేదాకా అంతే. మధ్యాహ్నానికల్లా దింపుతానన్న భూమయ్యగారిని అడిగితే, "ఏడికి పోతరు మేడం, ఫికర్ జెయ్యకుండ్రి," అన్నారు.

నాకు ఫికర్ తప్ప ఇంకేమీ రాదు. నేరుగా ప్రతిష్ఠ చేయించే అయ్యగారి దగ్గరికి వెళ్లి, నాకు నొప్పులు వస్తే పొలిమేర దాటనిస్తారా అని అడిగాను. ఆయన ఆలోచించి, దాటకూడదన్నారు. మరి బిడ్డ ఇక్కడే పుడితే, అది బయటినుంచి లోపలికి వచ్చినట్టా కాదా అని అడిగాను. ఆయన పంచాంగం తీశారు. దానిలో లేదు.

అరగంటలో ఆ ప్రశ్న ఊరంతా పాకింది. వంట లేదు, పని లేదు, జనానికి కాలక్షేపం కావాలి. తల్లి కట్టడికి ముందే వచ్చింది కాబట్టి బిడ్డ కూడా వచ్చినట్టే అని కొందరు. కడుపులో ఉన్నంతసేపే ఆ లెక్క, బయటపడ్డాక కొత్త మనిషే అని ఇంకొందరు. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, సాయంత్రం దాకా ఆపుకోవడం వీలవుతుందా అని మర్యాదగా కనుక్కున్నాడు. ముందురోజే మరిపెడ నుంచి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్న సత్తెమ్మ ఈ గొడవంతా విని, "పుట్టినోళ్లు బయటోళ్లయితే ఈ ఊర్ల ఎవడు లోపలోడు? నోరు మూసుకోని కూసోండ్రి," అంది. నిజం చెప్పాలంటే అంతకంటే మంచి తీర్పు నేను ఇంకెక్కడా వినలేదు.

నొప్పులు రాలేదు. ఇంకోటి వచ్చింది.

మనుషులను ఆపారు కానీ సెల్‌ఫోన్లను ఆపలేరు కదా. నాలుగు గంటలవేళ, బిందెలు నింపి వరుసలో పెట్టి, తొలి బిందె దగ్గర రెండువైపులా భూమయ్యగారూ ఐలయ్యా కొత్త పంచెల్లో నిలబడి ఉండగా, భూమయ్యగారి ఫోన్ మోగింది. ఎత్తి విన్నారు. ముఖం వాడిపోయింది. బిందె దగ్గరనుంచి నాలుగడుగులు వెనక్కి వేశారు.

ఎర్రకుంట అనే ఊళ్లో చింతల వీరయ్య అనే పెద్దమనిషి పోయారు. చింతలవాళ్ల ఇంట్లో చావైతే జమేదారు వంశానికి మైల. మైల ఉన్నవాళ్లు బొడ్రాయిని తాకకూడదు. భూమయ్యగారు ఫోన్ జేబులో పెట్టుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. తండ్రికి ముఖం చూపించాలన్న మనిషి ఆ పని చేయలేదు. అది నేను ఈరోజుకీ మర్చిపోలేదు.

అలాగని ఒక్కడే మునిగే మనిషి కూడా కాదు. మైల చెవిన పడ్డప్పటినుంచే మొదలవుతుంది. ఐలయ్య చెవిన ఇంకా పడలేదు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు కాబట్టి ఆయనకు నేరుగా చెప్పే దారి లేదు. భూమయ్యగారు వెళ్లి మైకు అందుకున్నారు.

"ఊరి పెద్దలందరికి తెలియజేయునది ఏమనగా..."

ఐలయ్యకు అర్థమైపోయింది. ఎర్రకుంట మాట వినపడేలోపే రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, "నాకు ఇనవడ్తలేదు, నాకు ఇనవడ్తలేదు," అని అరవడం మొదలుపెట్టారు. మైకు నాలుగు దిక్కులా మోగింది. పాపం, వేళ్లు తీసేదాకా అందరం ఆగాం. అప్పుడు అయ్యగారు నెమ్మదిగా, "ఇనవడలేదంటే ఇనవడ్డట్టే ఐలయ్యా," అన్నారు.

మైకులో చెప్పిన తప్పు

సార్ నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆయన ముఖంలో రంగు లేదు.

"చింతలోళ్లకు మీకు ముట్టుడెందుకు?" అని భూమయ్యగారిని అడిగారు. ముట్టుడంటే మైలే.

"ఏమో సారూ. ముందటినుంచి పడ్తానం."

"వాళ్లు మీ చావులకు పడుతరా?"

"పడుతరు."

సార్ నన్ను చూశారు, నేను ఆయన్ను చూశాను. చింతలవాళ్లూ వీళ్లూ పాలోళ్లు. అంటే వీళ్ల మగవంశం ఎర్రకుంట నుంచి వచ్చిందే, జమేదారుది కాదు. జమేదారుకు కొడుకులుంటే అలా జరగదు. ఉన్నది కూతురు, ఆమెకు చింతలవాళ్ల పిల్లవాణ్ని ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఊరిని బట్టి పిల్లలకు జమేదారు అన్న ఇంటిపేరు నిలిచిపోయింది. అందరం వేపచెట్టు వైపు తిరిగాం.

"ఇల్లరికపోళ్లే," అంది సత్తెమ్మ. "మీరు పెద్దోడెవడు, చిన్నోడెవడు అని అడిగిండ్రు. కొడుకా, బిడ్డా అని ఎవడన్న అడిగిండా?"

"మరి నాకు నేనే పెద్దోన్నంటివి?" అన్నారు భూమయ్యగారు.

"నాకు నేననే చెప్పినవ్ గదత్తా," అన్నారు ఐలయ్య.

"అవ్, చెప్పిన. ఒక్కనికి చెప్తే ఇంకొకడు నా మొకం సూస్తడా? ఇద్దరికి చెప్పిన, ఇద్దరు వచ్చిండ్రు. ఇన్నేండ్లు నా మంచం కాడికి మనుషులు రాలేదా?"

ఆ తర్వాతి వారం సార్ మిగతా కాగితాలు కూడా తీసి చూశారు. జమేదారు తర్వాత పొలం అల్లుడి పేర ఎక్కి ఉంది. ఆ పేజీ దాకా చదవలేదని సార్, ఆ ప్రశ్న అడగలేదని నేను, చెరిసగం తప్పు పంచుకున్నాం. కానీ అది తర్వాత. ఆ సాయంత్రం జనం మా ఇద్దరినీ చూస్తున్నారు. ఊరు దాటి పారిపోయే వీలు లేదు. సార్ చేతిలోని కాగితాలు తిరగేస్తున్నారు. నేనే కడుపు పట్టుకుని వెళ్లి మైకు తీసుకున్నాను. రెండు ఫ్లెక్సీలూ తప్పని, తప్పు మాదేనని, జమేదారుకు ఒక్కతే కూతురని చెప్పాను.

వెనకనుంచి ఎవరో, "మరి గుర్రం?" అన్నారు.

"గుర్రం కూడా లేదు. చెప్పులే లేవు," అన్నాను.

మొదట నవ్వింది ఐలయ్య. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటి చెప్పమంటే ఇదే చెబుతాను. తప్పును మీ నోటితో మీరే, గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పండి. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఎవరూ ఆ పని చేయరు. నాకైతే దారి లేక వచ్చిన ధైర్యమది.

తొలి బిందె

మరి నీళ్లు పోసేదెవరు? రెండిళ్ల మగవాళ్లకూ, వాళ్ల కోడళ్లకూ మైల. పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ గోత్రం మారింది కాబట్టి ఆమెకు తలస్నానం చాలని అయ్యగారు తేల్చారు. జమేదారు రక్తం ఉండి, మైల లేనివాళ్లు ఆడబిడ్డలే. వాళ్లలో అందరికంటే పెద్దది సత్తెమ్మ.

ఆమెకు బోరు కింద నీళ్లు పోసి, కొత్త చీర కట్టి తెచ్చారు. నీళ్లు ఎవరి పేర పోస్తున్నారో చెప్పాలి, జమేదారు కూతురి పేరేమిటని అయ్యగారు అడిగారు. ఆ పేరు ఏ కాగితంలోనూ లేదు.

"సత్తెమ్మ," అంది ముసలామె. "నాకు ఆమె పేరే పెట్టిండ్రు."

నమ్మవచ్చా అని సార్ చెవిలో అడిగాను. "పొద్దటిసంది పొయ్యి ముట్టలే, ఆమెకు ఎవ్వరు ఏం పెట్టలే," అన్నారు సార్. "నిజమే అయ్యుంటది." అలాగే రాసుకున్నాను. పక్కన ఎవరు చెప్పారో, అప్పుడు ఆమె ఏమీ తినలేదని కూడా రాశాను. మీరూ అలాగే రాయండి.

తొలి బిందె ఎత్తినవాళ్ల చేతిలోంచి మారకూడదు. సత్తెమ్మ చిన్న ఇత్తడి బిందెను నడుముకు ఆనించుకుని నడక మొదలుపెట్టింది. చూపు సరిగా ఆనదు. పొద్దుటినుంచి నీళ్లు పడి నేలంతా బురద. మైల ఉన్న ఇద్దరూ దూరంగా, వీధికి చెరోవైపు నిలబడ్డారు. చెయ్యి అందించే వీలు లేదు. నోరు మాత్రం ఉంది.

"అత్తా, ఎడమకు రా," అన్నారు భూమయ్యగారు.

"అత్తా, కుడికి రా, అటు బురదున్నది," అన్నారు ఐలయ్య.

ఆమె అటు ఒక అడుగు వేసింది, ఇటు ఒక అడుగు వేసింది. తర్వాత వీధి నడుమ ఆగిపోయింది.

"ఇద్దరు రెండు దిక్కులు చెప్తాండ్రు. ముందుగాల మీరు మీరు మాట్లాడుకోని ఒక్క మాట చెప్పుండ్రి. అందాక నేనీడనే నిలవడ్త."

బిందెతో అలాగే నిలబడింది. ఊరంతా నిలబడింది. పొద్దుటినుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. పొద్దు వాలుతోంది. బిందె ఆమె నడుము మీదనుంచి కొద్దికొద్దిగా జారడం నాకు కనపడుతోంది, ఆ ఇద్దరికీ కనపడుతోంది. భూమయ్యగారు కండువా కొసను వేలికి చుట్టుకుంటున్నారు. ఐలయ్య నేలను చూస్తున్నారు.

చివరికి ఐలయ్య తల ఎత్తారు. వీధికి అవతల ఉన్న మనిషిని చూసి, తొమ్మిదేళ్లలో మొదటిసారి మాట్లాడారు.

"నీ దిక్కునుంచి రాయి కనవడ్తాందా... అన్నా?"

భూమయ్యగారు వేలికి చుట్టుకున్న కండువా కొసను వదిలారు.

"లేదన్నా. నీకే మంచిగ కనవడుతది. నువ్వే చెప్పు."

ఇద్దరూ అన్నా అనే అన్నారు. ఐలయ్య దారి చెప్పారు. సత్తెమ్మ కుడికి జరిగి, మెల్లగా నడిచి వెళ్లి, సత్తెమ్మ పేర తొలి బిందె నీళ్లు రాయి మీద పోసింది. డప్పులు మోగాయి. పొలిమేర విప్పారు.

ఖాళీ బిందె పక్కన పెట్టి, ఆమె అయ్యగారిని అడిగింది.

"ఇగ పొయ్యి ముట్టియ్యచ్చా?"

ముట్టించవచ్చన్నారు.

ఆమె వీధికి అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరి వైపూ తిరిగింది.

"అయితే ఒక్క పొయ్యే ముట్టియ్యుండ్రి. రెండిండ్లు తిరుగ నాతోని కాదు."